చల్లటి వరసలు

శంకర్ నగర్‌లోని ఓ ఆసుపత్రి లైబ్రరీ హన్నా చూసుకునేది. పొద్దున్నే తలుపు తీసి, బల్లలు తుడిచి, ఫ్యాన్లు వేసేది. ఎనభైల్లో అక్కడికి సైటేషన్ ఇండెక్స్ వచ్చేది, చీమల్లాంటి అక్షరాలతో లావుపాటి సంపుటాలు. ఒక పరిశోధన వ్యాసం పేరు పట్టుకుని వెతికితే, తర్వాత దాన్ని ఎవరెవరు ప్రస్తావించారో కింద వరసగా ఉండేది. సమర్థించారో, తప్పన్నారో అచ్చులో ఉండేది కాదు. అది వేలు పెడితే తెలిసేది. సమర్థించిన వరస వెచ్చగా, తప్పన్న వరస చల్లగా తగిలేది. చలికాలంలో వాటితో పనున్న డాక్టర్లు స్వెట్టర్లు వేసుకుని వచ్చేవాళ్ళు.

ఒక ఏడు హన్నా భర్త పాల్ ఛాతీ వార్డులో చేరాడు. బీర్‌గావ్ ఫ్యాక్టరీలో రాయి పిండిచేసే మిషన్ దగ్గర పనిచేయడంతో అతని ఊపిరితిత్తుల నిండా దుమ్ము పట్టింది. పక్క మంచం సత్తిరాజుదీ అదే మిషను, అదే దగ్గు. డాక్టర్ చెన్నకేశవులు సత్తిరాజుకి ఒక కొత్త మందు మొదలుపెట్టాడు, తర్వాత పాల్‌కీ ఇచ్చాడు. కొన్నాళ్ళకే సత్తిరాజు కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బి చనిపోయాడు.

ఆ మధ్యాహ్నం హన్నా డాక్టర్ని ఆపింది.

"ఆ మందు ఏ వ్యాసం చూసి ఇస్తున్నారు సార్?"

ఆయన సంపుటం తీసి చూపించాడు. "కింద ఎన్ని పేర్లున్నాయో చూడమ్మా. ఇంతమంది ఊరికే ప్రస్తావిస్తారా?"

"ముట్టుకున్నారా సార్?"

"టైమ్ ఎక్కడిది? ఓపీ నిండా జనం."

"నాకు భయంగా ఉంది. మీరే ముట్టుకోండి."

ఆయన వేలు పెట్టి కిందికి జరిపాడు. సగం దాటేసరికి గోరు నీలమైంది. వార్డుకి పరుగున వెళ్ళి మందు ఆపించాడు.

పాల్ బతికాడు. నాలుగడుగులేస్తే ఆయాసం, కానీ బతికాడు.

సంగతి తెలిసి సత్తిరాజు భార్య తాయారమ్మ వచ్చింది. గుమ్మం దాటలేదు.

"ఆ పుస్తకం ఇక్కడే ఉందంట గదా ఒదినా?"

"ఉంది."

"మరి మా ఆయనప్పుడు ఎవలూ ముట్టుకోలేదేటి?"



మర్నాటి నుంచి హన్నా ఒక్కో సంపుటం తీసి, చల్లగా తగిలిన ప్రతి వరస పక్కనా పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టసాగింది. ఏళ్ళు పట్టింది. ఒక చేతి గోళ్ళు నీలమైతే రెండో చేత్తో ముట్టుకునేది. తొందరలో ఉన్న డాక్టర్లు ఆ గుర్తులు చూసి ఎన్నో మందులు మానేశారు.

ఒక సాయంత్రం పాల్, "ఒళ్ళు వెచ్చగా ఉందేమో చూడు" అన్నాడు. హన్నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఏమీ తెలియలేదు. రెండో చెయ్యీ పెట్టింది. చివరికి వంగి అతని నుదుటికి చెంప ఆనించింది. కాలిపోతోంది.