సబ్బునీళ్లు తాగిన ఇంజను

పంపు గడ్డకట్టిందని మనిషిని కొట్టడం నేను ఆ డిసెంబరులోనే చూశాను. ఎర్రసైన్యం తరుముకొస్తుంటే తెల్లసైన్యం సైబీరియాలో తూర్పుకు పారిపోతూ మా స్టేషన్లో తిష్ఠ వేసిన మూడో రోజది. పంపు చూసుకునే యెర్మిల్‌ను ప్లాట్‌ఫారం మీద బోర్లా పడేసి, తుపాకులు తుడిచే ఇనుప చువ్వలతో ఇరవై అయిదు దెబ్బలు కొట్టారు. చలికి గొట్టాలు పగిలితే ఆయనేం చేస్తాడు? కొట్టించిన కెప్టెన్ తెల్లటి రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ చూస్తున్నాడు. ఆ రుమాలు ఉతికింది నేనే. నా చేతుల మీద నాకే అసహ్యం పుట్టింది.

కెప్టెన్ బట్టలుతికే మా ఆడవాళ్ల వైపు తిరిగాడు. "పంపు పోతే ఆడాళ్లు లేరా? రేపు పొద్దున్నే తలా ఒక బకెట్ పట్టుకుని రండి. నది నుంచి నీళ్లు మోసి ఇంజను నింపండి. మధ్యాహ్నం ఫిరంగుల రైలు కేద్రోవ్కా వెళ్లాలి."

కేద్రోవ్కా మిట్ట అవతలి ఊరు. మీ సైన్యానికి మా కుర్రాళ్లను పంపం పొమ్మంది, అందుకే దాని మీదికి ఫిరంగులు. ఆ ఊళ్లో నా చెల్లెలు దున్యా ఉంది, తొమ్మిదో నెల. మా స్టేషన్ నుంచి వెళ్లే దారులన్నిటికీ కాపలా పెట్టారు, కబురంపే వీల్లేదు.

ఆ మధ్యాహ్నం మా ఉతుకుల కొట్టంలో గొడవ మొదలైంది. ఆఫీసర్ల బట్టలు, ఆసుపత్రి బట్టలు ఉతికే ఆడవాళ్లం నలభైమందిమి. ఆవిరికి తడిస్తే బయట గడ్డకట్టుకుపోతామని సైనికులు లోపలికి రారు. ఇంజను డ్రైవర్ జఖార్ మాసిన బట్టల మూట వంకతో వచ్చాడు.

"పట్టాలు పీకేద్దాం," అంది స్త్యేషా. మాలో అందరికంటే దూకుడు మనిషి.

"పీకితే డిపోలో పదిమందిని కాల్చేస్తారు. ఏది విరిచినా ముందు నన్ను. పిస్తోలు పట్టుకుని ఒకడు నా వెనకే ఉంటాడు," అన్నాడు జఖార్.

"అయితే నీ ప్రాణం కోసం ఊరు తగలబెట్టేస్తావా బావా? ఆ మీసాలెందుకు మరి, గొరిగించుకో!"

"నోరు ముయ్యవే, చెప్పేది విను. పోయినేడు నా సహాయకుడు చేతులు కడుక్కుంటూ ఇంజను నీళ్లలో సబ్బుబిళ్ల పడేశాడు. బాయిలరు పాలు పొంగినట్టు పొంగింది. చదును మీద ఎట్టాగో లాగింది గానీ మిట్ట ఎక్కలేకపోయింది. విరిగింది లేదు, పగిలింది లేదు. తప్పంతా నీళ్లదే."

అందరం సబ్బు పెట్టె వైపు చూశాం. ఆ చలికాలం సైబీరియాలో సబ్బు ఉన్నది సైన్యం దగ్గరే. పెట్టె తాళంచెవి మా అందరికీ పెద్ద అయిన లుకేర్యా పెద్దమ్మ మెడలో ఉంది.

"పెట్టె ఖాళీ అయితే మొదట పట్టుకునేది పెద్దమ్మనే. తర్వాత మనల్ని. నాకు ముగ్గురు పిల్లలున్నారే తల్లీ," అని క్సేన్యా ఏడ్చింది.

"ఆ ఊళ్లో లేరా పిల్లలు?" అంది లుకేర్యా పెద్దమ్మ. మెడలో తాళం తీసి నా చేతిలో పెట్టింది. "గ్లఫీరా, కాగు పొయ్యి మీద పెట్టవే. ఉడికిస్తే గానీ కరగదు. రేపట్నుంచి బూడిదనీళ్లతో ఉతుకుదాం. చేతులు ఊడితే ఊడనీ."

పొద్దున్నే నది నుంచి ఇంజను దాకా వరుస కట్టాం. పన్నెండు బకెట్లలో కొట్టంలోనే నింపుకొచ్చిన సబ్బునీళ్లు, మిగతావాటిలో నది నీళ్లు. ఒక కాపలావాడు నా బకెట్లోకి తొంగి చూశాడు.

"ఏంటే, నీళ్లు ఇంత మసగ్గా ఉన్నాయి?"

"నదిని ఇంకా ఉతకలేదు దొరా. రేపు ఉతుకుతాం," అంది వెనక నుంచి స్త్యేషా. వాడు నవ్వి పొమ్మన్నాడు.

మధ్యాహ్నం రైలు కదిలింది. మిట్ట సగం ఎక్కగానే పొగగొట్టం నురగ కక్కింది. చక్రాలు ముందుకు తిరగడం మానేశాయి. రైలు మెల్లగా వెనక్కి జారుతూ మళ్లీ స్టేషన్‌కే వచ్చింది. "ఏం నీళ్లు పోయించారయ్యా నా ఇంజనుకి!" అని అందరికంటే గట్టిగా అరిచినవాడు జఖారే. కాపలావాళ్లు అటు పరిగెత్తారు. ఆ సందులో క్సేన్యా, ఆ ఏడ్చిన క్సేన్యాయే, కాళ్లకు మంచు మీద జారే చెక్కలు కట్టుకుని, కేద్రోవ్కాకు కబురు చెప్పడానికి అడవి దారి పట్టింది.

కెప్టెన్ నురగ వాసన చూశాడు. నేరుగా కొట్టంలోకి వెళ్లి పెట్టె తన్నాడు. అది ఖాళీగా దొర్లింది.

"తాళం నా దగ్గరుండేది. నేనే పోశాను," అంది లుకేర్యా పెద్దమ్మ.

మా అందరి ఎదుటే ఆమెను నీళ్ల ట్యాంకు గోడకు నిలబెట్టి కాల్చారు. ఆమె కళ్లకు గంత కట్టనివ్వలేదు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

"బాయిలరు కడిగించాను. మళ్లీ నింపండి. ఈసారి ప్రతి బకెట్లోంచీ మీరే ఓ గుక్క తాగి చూపించాలి," అన్నాడు కెప్టెన్.

రైలు ఇప్పుడు కదిలితే క్సేన్యా కంటే ముందే ఊరు చేరుతుంది. ముప్ఫై ఎనిమిది మందిమి నదికి వెళ్లి బకెట్లు నింపుకొచ్చాం. ఇంజను ముందు పట్టాలు మారే చోట స్త్యేషా ఆగింది. బకెట్ ఎత్తి పట్టాల మీద కుమ్మరించింది. తర్వాత నేను. తర్వాత అందరూ. నీళ్లు ఇనుమును తాకీ తాకగానే రాయిలా బిగుసుకున్నాయి, చక్రం దొర్లే సందే లేకుండా.

కెప్టెన్ పిస్తోలు తీశాడు.

"కాల్చు దొరా," అంది స్త్యేషా. "అందర్నీ కాల్చి, నీళ్లు నువ్వే మోసుకో."

సైనికులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చలికి వాళ్ల గడ్డాలు తెల్లబడి ఉన్నాయి. మేం లేకపోతే ఇంజను లేదని, ఇంజను లేకపోతే వాళ్లూ ఇక్కడే చస్తారని వాళ్లకు అర్థమైంది. ఒకడు తుపాకి దించాడు. ఇంకొకడు దించాడు.

క్సేన్యా చేరిందనీ, ఊరంతా దున్యాను మంచుబండిలో పడుకోబెట్టుకుని అడవిలోకి వెళ్లిందనీ మాకు వారం తర్వాత గానీ తెలియలేదు. అప్పుడు తెలిసింది ఒక్కటే, రెండో పట్టా ఇంకా పొడిగా ఉంది, అదీ గడ్డకడితే గానీ రైలు ఆగదు. బకెట్లు తీసుకుని మళ్లీ నది వైపు నడిచాం.