మూడోసారి పిలుపు

బాకా ఊదడమంటే లోకానికి పెద్దల్ని పొగడడమే గానీ, బాకా తాతకు మాత్రం అది పాతికేళ్ల ఉద్యోగం. రాతి క్వారీలో మందు పేల్చే ముందు "బయటికి రండి" అని ఒక పిలుపు, పేల్చాక "దిగండి" అని ఇంకో పిలుపు. సైరన్ వచ్చాక ఆ బాకా, అదే బ్యూగిల్, గోడ మేకుకెక్కింది, తాత స్టోరు గది కుర్చీకెక్కాడు. అయినా ఎవరైనా దాని సంగతి కదిపితే చాలు, వేటగాళ్ల కొమ్ము దగ్గర మొదలెట్టి, ఫిరంగి మోతలోనూ సైన్యాన్ని నడిపిన ఇత్తడి గొట్టం దాకా లాక్కొచ్చిగానీ వదలడు. "దీనికి మీటల్లేవు. ఉన్నవి ఐదే స్వరాలు, అవీ పెదవుల్లోనే" అంటాడు.

ఆ రోజు పదకొండుకు కరెంటు పోయింది. యంత్రాలు ఆగాయి. కింద గోతిలో పన్నెండుమందీ రాతిగోడ నీడకు చేరి కూర్చున్నారు. వాళ్లతో ఉన్న మేస్త్రి తాత కూతురే. తాత కిటికీలోంచి అటు చూశాడు. సరిగ్గా వాళ్ల నెత్తిమీద, గోడ పైఅంచున, నిన్న లేని బీట. అందులోంచి మట్టి ధారగా కారుతోంది.

సైరన్ నొక్కాడు. కరెంటు లేనిదే అదెందుకు మోగుతుంది? ఫోన్లు గోతిలో పనిచేయవు. గొంతు చించుకున్నా అంత లోతుకు అందదు. బ్యూగిల్ లాక్కుని అంచుకు పరుగెత్తాడు.

"బయటికి రండి" పైస్వరంతో మొదలవుతుంది. ఊదాడు, తుస్సుమంది. మళ్లీ ఊదాడు, మళ్లీ తుస్సే. మొన్న కట్టించుకున్న పళ్లసెట్టు! పెదవి బిగిస్తే అది కదులుతోంది, తీసేస్తే పెదవికి ఆనిక లేదు. పాడు పళ్లు, నమలడానికీ పనికిరాలేదు, ఊదడానికీ పనికిరాలేదు. పలికేవి కింది స్వరాలు రెండే.

ఆ రెండిటితో ఒక పిలుపుంది. కూతురు చిన్నప్పుడు రాళ్లగుట్టల్లో ఆడుకుంటుంటే, అన్నానికి రమ్మని గుమ్మంలో నిలబడి ఊదేవాడు. తాత అదే ఊదాడు.

కింద కూతురు తలెత్తింది. తర్వాత వస్తానన్నట్టు చెయ్యూపి మళ్లీ కూర్చుంది. చిన్నప్పుడూ అంతే, మొదటి పిలుపుకు వచ్చిన పాపాన పోలేదు. రెండోసారి ఊదాడు. కదల్లేదు మొండిఘటం. అప్పట్లో మూడోసారి ఊదాడంటే, వెనకాలే వాళ్లమ్మ కర్ర పట్టుకుని బయల్దేరుతుందని అర్థం. ఆవిడ పోయి ఆరేళ్లయింది.

తాత ఉన్న ఊపిరంతా కూడగట్టి మూడోసారి ఊదాడు. పెదవి చిట్లింది.

కూతురు దిగ్గున లేచింది. పైకి చూసింది, గోడ చూసింది, ఒక్క అరుపు అరిచి అందర్నీ ముందుకు తోస్తూ పైకొచ్చే బాటెక్కింది. అందరూ మలుపు తిరిగారో లేదో, గోడ కూలింది. గొయ్యంతా దుమ్ము.

తాత వేలు చూపిస్తూ ఒక్కొక్కరినీ లెక్కపెట్టాడు. పన్నెండు, ఆ వెనక కూతురు.

"మూడోసారి వినగానే కాళ్లు వాటంతటవే లేచాయి నాన్నా" అంది ఆమె రొప్పుతూ. "అమ్మ వచ్చేస్తుందనిపించింది."

"వచ్చిందిలేవే" అన్నాడు తాత, పెదవి మీద నెత్తురు తుడుచుకుంటూ.