అంకె తగ్గాలి

కొండగట్టు ఘాట్ రోడ్డు మొదట్లో ఎహసాన్ మోకాళ్ల మీద కూర్చుని, తాను పోటీలకు తయారు చేస్తున్న శ్వేత అనే పిల్ల సైకిల్‌కు బిగించిన కౌంటర్‌ను సున్నాకు తిప్పాడు. సిరిసిల్లలో పాతబడ్డ మరమగ్గం నుంచి ఊడదీసిందది. అప్పుడు నేత పోగులను లెక్కపెట్టేది. ఇప్పుడు పెడల్ ఎన్నిసార్లు తిరిగిందో చెబుతుంది. అలసినవాళ్లు ఎత్తులో తిన్నగా తొక్కలేరు. రోడ్డుకు అటూ ఇటూ మెలికలు తిరుగుతారు, దారి పెరుగుతుంది, అంకె పెరుగుతుంది. ఇరవై రెండేళ్లు అంకె పెరగాలని మగ్గం ముందు నిలబడ్డ మనిషి, మల్యాలలో సైకిల్ షాపు పెట్టాక అది తగ్గాలని చూస్తున్నాడు.

రేపు జగిత్యాలలో జిల్లా సైకిల్ జట్టు ఎంపిక.

"ఆరువందలు దాటొద్దు బిడ్డా."

"నిన్న గూడ గదే అన్నవు చాచా. ఇరవై ఎక్కువ అచ్చినయి."

"నిన్న కోతులను చూసుకుంట తొక్కినవ్."

ఆమె నవ్వి ఎక్కింది. వెనక మోపెడ్ మీద అతను. ప్రతి మలుపులో ఆగి దగ్గాడు. పత్తి దుమ్ము ఊరు మారినా రొమ్మును వదల్లేదు.

పైన కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాడు. ఐదువందల తొంభై నాలుగు. తర్వాత అలవాటుగా ఆమె మణికట్టు పట్టుకుని గడియారం చూశాడు. ఆమె ఆటకు అతని చెయ్యి పట్టుకుంది. నవ్వు ఆగిపోయింది.

"నాకంటె నీదే జోరుగ కొట్టుకుంటుంది. కొండ నువ్వెక్కినవా, నేనెక్కిన్నా?"

"బండి ముసల్ది. నేనే మోసుకచ్చిన."

"దవాఖానకు పోదాం పా."

"ముందు రేపు నీ ఎంపిక కానీ."

షాపులో చైనుకు నూనె పెట్టి, బరువెందుకని కొండ మీదే విప్పేసిన కౌంటర్‌ను బల్ల మీద పెట్టాడు. మధ్యాహ్నం ఆమెనూ సైకిల్‌నూ జగిత్యాల వెళ్లే ట్రాలీ ఆటో ఎక్కించాడు. వచ్చి కుర్చీలో ఒరిగాడు.

సాయంత్రం చాయ్ తెచ్చిన పక్క హోటల్ గంగారాం రెండుసార్లు పిలిచాడు. భుజం తట్టాడు. గ్లాసు కింద పెట్టి, వీధిలోకి పరుగెత్తాడు.

భార్య మైమూనా బీ వచ్చి అతని చేతి గ్రీజును తన కొంగుతో తుడిచింది.

"ఆ పోరికి ఫోన్ చెయ్యాల్నా అక్కా?" అన్నాడు గంగారాం.

ఆమె రెండో చేతి గ్రీజు కూడా తుడిచింది.

"రేపు తొక్కినంక చెప్పు. ఈయనుంటే గదే అంటుండె."

ఏ రోజు కౌంటర్ ఆ రోజే సున్నా చేసేవాడు ఎహసాన్. బల్ల మీద, నూనె గుడ్డ పక్కన, అది ఐదువందల తొంభై నాలుగు దగ్గరే ఉంది.