ఆయన నడక

“ఎలాగూ ఇంట్లో తిరుగుతూనే ఉంటావుగా, ఇది కాస్త పెట్టుకో” అంటూ ఆయన ఆ బ్యాండుని ఆమె తడిచేతికే తగిలించేశాడు. అప్పుడామె అడుగంటిన గిన్నె తోముతోంది. ఆఫీసులో ఆరోగ్యం పోటీ పెట్టారట. చలికాలం వెళ్ళేలోపు ఎవరు ఎక్కువ నడిస్తే వాళ్ళకి మొదటి బహుమతి, పెద్దాఫీసరు చేతుల మీదుగా. చేతికున్న బ్యాండు అడుగులు లెక్కపెడుతుంది, సాయంత్రం ఫోను పక్కన పెడితే ఆ లెక్క ఆఫీసుకి వెళ్ళిపోతుంది. తనకి కుర్చీలోంచి లేచే తీరికెక్కడిదన్నాడు. నీ చేతికి బ్యాండేదని ఎవరైనా అడిగితే చార్జింగులో ఉందని చెప్తాడట. ఆమె నవ్వింది కూడా. ఆయన మాటలకి నవ్వడం అలవాటైన ముఖం, దానంతటదే నవ్వేసింది.

అసలు నడవమని డాక్టరు చెప్పింది ఆమెకి. షుగరు గుమ్మం దాకా వచ్చి నిలబడిందనీ, మోకాళ్ళు అరుగుతున్నాయనీ, రోజూ పొద్దున్నే చదును నేల మీద నడవమనీ, మెట్లు మాత్రం తగ్గించమనీ చెప్పింది. ఇంట్లో తిరిగేది నడక కాదా అని అడిగితే, డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, “చేతిలో పని పెట్టుకుని తిరిగేది అలసటమ్మా. ఖాళీ చేతులతో నడవండి” అంది. ఖాళీ చేతులు అన్న మాట ఆమెకి ఎంత నచ్చిందో. బయటికొచ్చాక చేతులు రెండూ ఊపుకుంటూ కాస్త దూరం నడిచి చూసింది, పిచ్చిదానిలా.

వారం రోజులు నడకకి వెళ్ళింది. మొదటిరోజే అత్తగారి కాఫీ ఆలస్యమైంది. ఆవిడ గది మేడ మీద. గాలి బాగా వస్తుందని ఏరికోరి తీసుకున్న గది. ఆవిడేమీ తిట్టలేదు. “మా కాలంలో ఒంట్లో కొవ్వు కరిగేది పని చేసేగా అమ్మాయ్” అని మాత్రం అంది. ఆయన చొక్కా ఇస్త్రీ లేకుండా హాంగరుకి వేలాడింది. పొద్దున్నే ఈ ఊరేగింపు అవసరమా అన్నాడు. పోనీ సాయంత్రం వెళ్దామంటే, పసిపిల్లల బడిలో రోజంతా వంగుతూ లేస్తూ పాఠాలు చెప్పి వచ్చిన కాళ్ళు గుమ్మం దగ్గరే మొరాయించేవి. మానేసింది. అప్పటినుంచీ ఇంటికెవరొచ్చినా ఆయనకది ఒక కబురు. దీనికి ఏదీ పట్టుదలగా చేసే గుణం లేదండీ, మొదలుపెట్టడం, మూలపెట్టడం, అంతే.

అలాంటి కాళ్ళకి ఇప్పుడు లెక్క మొదలైంది. వంటింట్లోంచి మేడ మీదికి, మేడ మీదినుంచి పెరట్లోకి, బడిలో బెంచీల మధ్య, బజారుకి, మళ్ళీ మేడ మీదికి. అంట్లు తోముతూ నిలబడ్డ సేపు దానికి కనపడదు. అత్తగారి కాళ్ళు ఒత్తేదీ కనపడదు. అడుగు పడితేనే అంకె. అయినా తన కష్టాన్ని చూసేది ఒకటి ఇంట్లోకి వచ్చిందని ఆమెకి లోలోపల సంబరంగా ఉండేది. బడిలో తోటి టీచరు దాన్ని చూసి, “మొత్తానికి మీ ఒంటి మీద మీకు శ్రద్ధ పుట్టిందన్నమాట” అని మెచ్చుకుంది. కాదని చెప్పడానికి నోరు రాలేదు ఆమెకి. అంత చిన్న మెప్పుని కూడా దొంగిలించినట్టు దాచుకుంది.

సాయంత్రం ఫోను చూస్తూ ఆయన ఈలవేసేవాడు. “ఇవాళ అదరగొట్టాను” అనేవాడు. ‘కొట్టాను’ అనేవాడు, ‘కొట్టావు’ అని ఒక్కసారీ అనలేదు. రాను రాను మరీ ముద్దుగా మాట్లాడటం నేర్చాడు. పక్క సెక్షనువాడు దగ్గరికొచ్చేస్తున్నాడు, బంగారం, ఒక్క రెండుసార్లు మేడెక్కి దిగిరావూ అనేవాడు. ఆమె వెళ్ళేది. బట్టలేవో తీయాలన్నట్టు ఉత్తినే వెళ్ళి ఉత్తినే దిగేది. చలికాలం చివరికొచ్చేసరికి మోకాళ్ళు వాచి, కూర్చుంటే లేవడానికి గోడ కావాల్సి వచ్చింది. డాక్టరమ్మ ఈసారి గట్టిగానే కోప్పడింది, మెట్లెక్కొద్దన్నాను కదా, మీ ఒంటి మీద మీకే లెక్కలేకపోతే నేనేం చెయ్యనని. ఆమె తల దించుకుంది. నిజం చెప్తే నవ్వుతుందేమోనని భయమేసింది.

బహుమతి రోజు కుటుంబాలతో రమ్మన్నారు. ఆమె కుంటుకుంటూ వెళ్ళి రెండో వరసలో కూర్చుంది. ఆయన కప్పు అందుకుని, మైకు ముందు గొంతు సవరించుకున్నాడు. పట్టుదల అనేది లోపలినుంచి రావాలన్నాడు. బద్ధకం రోజూ పిలుస్తుందనీ, మనం పలక్కూడదనీ అన్నాడు. ఆపైన ఆమెవైపు చెయ్యి చూపించి, “మా ఆవిడకీ ఎంతో చెప్పి చూశానండీ. వారం తిరక్కుండా మానేసింది” అన్నాడు. హాలంతా నవ్వింది. పక్కనున్నావిడ మోచేత్తో పొడిచి, మగవాళ్ళని చూసైనా మనం నేర్చుకోవాలండీ అంది.

ఆమె చప్పట్లు కొట్టింది. కొడుతూనే ఆయన ముఖం వైపు చూసింది. అందులో దొంగతనపు ఛాయ కోసం వెతికింది. ఎక్కడా లేదు. ఆ మనిషి నిజంగానే తను నడిచానని నమ్ముతున్నాడు. అమ్మని నేనే చూసుకుంటున్నానని చుట్టాలతో చెప్పేటప్పుడూ ఇదే ముఖం. పిల్లల్ని పెంచి దార్లో పెట్టానని చెప్పేటప్పుడూ ఇదే. దొంగకైనా కాస్త భయముంటుంది, సొంతదారుకి భయమెందుకు? ఇన్నేళ్ళుగా ఈయనకి ఆమె ఏదీ ఇచ్చినట్టు లెక్క కాదు. ఆయనదే ఆయన వాడుకుంటున్నాడు. చప్పట్లు ఆగిపోయాక కూడా ఆమె అరచేతులు మండుతూనే ఉన్నాయి.

ఇంటికొచ్చి గొడవేమీ పెట్టలేదు. బడికి వేసుకెళ్ళే బూట్లు తుడిచి గుమ్మం పక్కన పెట్టుకుంది. మర్నాడు పొద్దున్నే కాఫీ కలిపి ఫ్లాస్కులో పోసి, మోకాలికి పట్టీ చుట్టుకుని, లేసులు కట్టుకుంటుంటే ఆయన పేపరు దించి చూశాడు. ఎక్కడికన్నాడు. నడకకి అంది. పట్టుదల మళ్ళీ వచ్చిందే అని నవ్వి, లోపలికెళ్ళి బ్యాండు తెచ్చాడు. రెండో పోటీ ఆ రోజునుంచేనట.

“ఇది పెట్టుకుని వెళ్ళు మరి. లేకపోతే అడుగులు వట్టినే పోతాయి.”

ఆమె చేయి చాచలేదు.

“ఇంట్లోవన్నీ తీసుకున్నారు కదా” అంది. “ఇవి నావి.”

ఆయనకి ఏం అర్థమైందో తెలీదు. బ్యాండుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఈలోగా మేడ మీదినుంచి అత్తగారి పిలుపు వినిపించింది, అమ్మాయ్, వేణ్ణీళ్ళు అని. ఆమె ఒళ్ళు అలవాటుగా లోపలికి తిరగబోయింది. కాలు తిరగనివ్వలేదు. ఊళ్ళోకెల్లా ఎక్కువ నడిచే మనిషి ఇంట్లోనే ఉన్నాడు కదా అనుకుని, గుమ్మం దాటి, ఖాళీ చేతులతో వీధిలోకి నడిచింది.