వాణి చెప్పిన మాట

నీలిమ పనిచేసే 'మేలిపొద్దు' నాలుగు పేజీల వారపత్రిక. పుంగనూరులో ఒక మిద్దెగది దాని ఆఫీసు. సంపాదకుడు రామచంద్ర, విలేకరి నీలిమ, ఉన్నది వాళ్లిద్దరే.

సోమల దగ్గర రాళ్ల క్వారీలో పేలుడుకు సురేంద్ర అనే కూలీ చనిపోయాడు. బైకు మీంచి పడ్డాడని యజమానులు పోలీసుల దగ్గర రాయించారు. అతని భార్య వాణి మాత్రం నీలిమను కూర్చోబెట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పింది. ఏ పత్రికా ముట్టని ఆ మాటలను రామచంద్ర మొదటి పేజీలో వేశాడు. వారం తిరక్కుండానే, అబద్ధపు వార్త రాసి తమను బెదిరించాడని యజమానులు కేసు పెట్టి ఆయన్ను మదనపల్లె జైలుకు పంపారు.

పత్రిక అచ్చువేసే మదనపల్లె ప్రెస్సువాళ్లు ఇక మావల్ల కాదన్నారు. నీలిమ బస్సెక్కి కుప్పం పోయింది. అక్కడ పెళ్లికార్డులు వేసే అంజినప్ప, కొత్త సంచికలో మళ్లీ వేయాల్సిన ఆ వార్తను రెండుసార్లు చదివాడు.

"అచ్చేసేది నేనేనని అడుగున నా పేరు పెట్టమ్మా. దాపరికం యాల?" అన్నాడు.

ఆ సాయంత్రమే వాణి ఫోన్ చేసింది.

"అక్కా, నేనేమీ సెప్పలేదని రాయి. మా మరిది ఆ క్వారీలోనే పనికి పోతాండాడు. ఇంట్లో మిగిలిన మొగోడు వాడొక్కడే."

 వార్త నిజమనడానికి రామచంద్రకున్న ఆధారం వాణి ఒక్కతే.

మర్నాడు జైల్లో ఆయనకు చెప్పింది. రామచంద్ర కమ్మీల అవతల నిలబడి విన్నాడు. పదిహేను రోజుల్లో మనిషి సగమయ్యాడు.

"ఆయమ్మ పేరు తీసెయ్," అన్నాడు.

"మరి మీరు, సార్?"

"నాకు వకీలుండాడు. ఆయమ్మకు ఎవురుండారు?"

పత్రిక వచ్చింది. అందులో పేలుడు ఉంది, చచ్చిపోయిన మనిషి ఉన్నాడు, వాణి లేదు. సోమల బస్టాండులో టీ తాగేవాళ్లు దాన్ని మడిచి జేబుల్లో పెట్టుకున్నారు. వచ్చేవారం కూడా తెమ్మని ఇద్దరు ముగ్గురు నీలిమను గొంతు తగ్గించి అడిగారు.

బెయిలు విచారణ రోజు వాణి సంతకంతో ఒక కాగితం కోర్టుకు చేరింది. తన భర్త బైకు మీంచే పడ్డాడని అందులో రాసుంది. బెయిలు రాలేదు.

బయట వరండాలో బెంచీ మీద వాణి ఒక్కతే కూర్చుని ఉంది. నీలిమను చూసి తల దించుకుంది. కోప్పడదామనే దగ్గరికి పోయింది నీలిమ. తీరా పోయాక, ఎండిపోయిన ఆ పెదవులు చూసి నీళ్ల సీసా అందించింది. వాణి రెండు గుక్కలు తాగి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నీలిమ ఆమె పక్కనే కూర్చుంది. అచ్చుకివ్వాల్సిన వచ్చేవారం పత్రిక కాగితాలు సంచిలో ఉన్నాయి; కుప్పం బస్సుకు ఇంకా గంట టైముంది.