కత్తెరాయన మడిలో పదో ప్రాణి

సెలూన్ నడిపే కత్తెరాయనకు కలుపంటే చుండ్రు కింద లెక్క. తలా ఒక మడి తీసుకుని కూరగాయలు పండించుకునే ఆ ఉమ్మడి తోటలో ఆయన మడి ఒక్కటే పెళ్ళికొడుకు గడ్డంలా నున్నగా ఉంటుంది. గట్టు మీది గడ్డిని దువ్వెన పెట్టి మరీ కత్తిరిస్తాడు. రోజంతా కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఇక్కడ తగ్గించు, అక్కడ ఉంచు అంటుంటే తలూపే మనిషికి, ఎవరూ అడ్డు చెప్పని జాగా లోకంలో అదొక్కటే.

ఇప్పుడు ఆ జాగాకే ఎసరొచ్చింది. నాటకుండా, పెంచకుండా వాటంతటవి వచ్చిన పది రకాల ప్రాణులైనా ప్రతి మడిలో ఉండాలని తోట కమిటీ తీర్మానించింది. మొక్కైనా సరే, పురుగైనా సరే. లెక్కల రోజు మధ్యాహ్నం పన్నెండుకల్లా పది తేలకపోతే మడి ఇంకొకరికి పోతుంది. ఆ ఇంకొకరు, మందుల షాపాయన, కొత్త పార భుజాన వేసుకుని పొద్దున్నే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

లెక్క రాసేది స్వయానా కత్తెరాయన వదిన. సైన్సు టీచరుగా రిటైరైన ఆవిడ, కన్నకొడుక్కే అర మార్కు ఎక్కువ వేయలేదు.

"క్షవరమైతే గానీ వివరం తెలియదంటారు. నువ్వేమో మడికే చేశావు," అంది పెన్సిల్ చెక్కుతూ.

"ఎత్తిపొడవకండి వదినా. వెతుకుదాం పదండి."

చీమలు ఒకటి. వానపాము రెండు. రాయి కింద నత్త మూడు. గట్టు పగుల్లో గంగవాయిలి మొక్క కనబడేసరికి, నిన్నటిదాకా దాన్ని పీకిన చేతులతోనే దణ్ణం పెట్టాడు. పక్కనే రెండంగుళాల గరిక అయిదు. మిడత ఆరు. తూనీగ వచ్చింది గానీ వదిన ఒప్పుకోలేదు.

"ఎగిరేది లెక్కలోకి రాదు. వాలాలి."

అది చిక్కుడు పందిరి చుట్టూ తిరుగుతుంటే కత్తెరాయన దాని వెనకే మునివేళ్ళ మీద తిరిగాడు. వాలింది. ఏడు. నీళ్ళ డబ్బాలో సాలీడు ఎనిమిది. కుండపెంకు ఎత్తగానే కప్ప ఒకటి దూకితే, దాని మీదికి తనూ దూకి బురదలో బోర్లాపడ్డాడు. తొమ్మిది. లేవకుండానే నవ్వడం మొదలుపెట్టాడు. ఆరేళ్ళుగా ఇంతమంది అద్దె కట్టకుండా తన దగ్గర కాపురమున్నారని తెలిసి ఆయనకు ఒళ్ళు తెలియని సంతోషం వేసింది. వదిన కూడా కొంగు అడ్డుపెట్టుకుని నవ్వింది.

పన్నెండుకు పావుగంట ఉంది. పదోది ఎక్కడా లేదు. మందుల షాపాయన వాచీ చూసుకుని లోపలికి రెండడుగులు వేశాడు. కత్తెరాయన నవ్వు ఆగిపోయింది. ఒక్క గంతులో పందిరి కిందికి, ఇంకో గంతులో గట్టు మీదికి వెళ్ళి వెతికాడు.

"నువ్విలా గంతులేస్తుంటే ఏదొస్తుంది? ఆ బకెట్ బోర్లించుకుని కూర్చో. కదలకు," అంది వదిన.

ముప్ఫై ఏళ్ళుగా తను జనానికి చెబుతున్న మాట అది. ఆయన బుద్ధిగా కూర్చున్నాడు. ఊళ్ళో ఇంకెవరి కత్తెర మీదా నమ్మకం లేక, మూడు నెలలుగా ఆయన జుట్టు అడవిలా పెరిగి చెవుల మీద పడుతోంది. రేపు ఆదివారం అద్దం ముందు కూర్చుని తనే కత్తిరించుకుంటానని పొద్దున్నే వదినతో అన్నాడు కూడా.

గోడ మీంచి ఒక పిచ్చుక దిగింది. బకెట్ చుట్టూ గెంతింది. మడిలో గడ్డిపోచ దొరకలేదు కాబోలు, తలెత్తి కత్తెరాయనను చూసింది. ఎగిరి నెత్తిన వాలింది. ఒక వెంట్రుకను ముక్కుతో పట్టి లాగింది.

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కదల్లేదు. పిచ్చుక మరో రెండు లాగి, మూడూ మూతిమీసంలా పట్టుకుని పందిరి మూలకు ఎగిరిపోయింది.

"పది," అంది వదిన. గేటు దగ్గర పార భుజం మారింది.

పుస్తకం మూసి ఆవిడ మరిది తల వైపు చూసింది. "రేపు కత్తిరించుకుంటానన్నావుగా?"

కత్తెరాయన ఇంకా బకెట్ మీంచి లేవలేదు. పిచ్చుక మళ్ళీ గోడ మీదికి వచ్చి చూస్తోంది.

"గూడు పూర్తయ్యేదాకా ఆగుతాను వదినా," అన్నాడు పెదవులు కూడా కదిలీ కదలకుండా.