పదమూడు రీళ్ల బొమ్మ

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి టైలరు తన దుకాణం షట్టరు సగం దించుతాడు. లోపల నలుగురం ఉంటాం. టైలరు, మందులషాపు కాంపౌండరు, రిటైరైన జాగ్రఫీ టీచరమ్మ, నేను. ముప్పయ్యెనిమిదేళ్లు నేను సినిమా హాల్లో ఆపరేటరును. మిగతా ముగ్గురూ ప్రేక్షకులు. ఆ తేడా వాళ్లకు పట్టదు. నేను మరిచిపోనివ్వను.

మేం చేరేది ఒక నటి గురించి మాట్లాడుకోవడానికి. ఆమెను సొట్టబుగ్గ అంటాం. ఎడమ బుగ్గ మీద ఒకటే సొట్ట. ఆమె పోయి ఇరవై ఏళ్లయింది. ఆడిన సినిమాల గురించి మేం మాట్లాడం. వాటి గురించి ఊరంతా మాట్లాడుతుంది. రెండు వారాలు దాటి ఆడిన బొమ్మ ఊసెత్తినవాళ్లు ఆ రోజు అందరికీ టీ తేవాలి.

ఆ ఆదివారం కవలల బొమ్మ మీద తగువు నడుస్తోంది. సొట్టబుగ్గ అక్కాచెల్లెళ్లుగా రెండు వేషాలు వేసిన బొమ్మ అది. ఎనిమిది రోజులు ఆడింది.

"చెల్లెలికి సొట్ట కుడి బుగ్గ మీదుంది. ఎలా పెట్టారంటారు?" అన్నాడు కాంపౌండరు. "మైనంతోనా?"

"మైనమూ కాదు, నీ మొహమూ కాదు. ఆ సీన్లో కోటు గుండీలు కూడా అటుపక్కకి మారిపోయాయి. ఫిల్ము తిరగేసి అచ్చేశారు" అన్నాడు టైలరు.

"సినిమాకెళ్లి గుండీలు చూస్తావేం తమ్ముడూ?" అంది టీచరమ్మ.

"మీరు మాత్రం తక్కువా అక్కా? లైట్‌హౌస్ బొమ్మలో ఆవిడ కుళ్లి కుళ్లి ఏడుస్తుంటే మీరు సూర్యుణ్ణి చూశారు కదా."

"సముద్రంలోంచి లేచి, మళ్లీ అదే సముద్రంలోకి దిగాడు. నేనేం చెయ్యను? ఏడుపొచ్చేదల్లా ఆగిపోయింది."

"కవలల బొమ్మలో గోడ గడియారం కూడా తిరగబడింది. మీరెవరూ చూడలేదు" అన్నాను.

"ఆపరేటరన్నయ్య కంటపడనిదేముంది" అన్నాడు టైలరు. అది వెక్కిరింత. నేను పొగడ్తగానే తీసుకున్నాను.

అప్పుడు కాంపౌండరు చొక్కా జేబులోంచి ఒక డిస్కు తీశాడు. వాళ్లక్క కొడుకు పాత ఫిల్ములు శుభ్రం చేసి దాచే చోట పని చేస్తాడు.

"టీచరమ్మగారూ, కళ్లు మూసుకోండి. వద్దులెండి, తెరిచే ఉంచండి. పోస్టాఫీసు బొమ్మ దొరికింది."

టీచరమ్మ చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

పోస్టాఫీసు బొమ్మ మా హాల్లో నాలుగు రోజులు ఆడింది. నలభై ఆరేళ్ల కిందటి మాట. తర్వాత ఎక్కడా కనబడలేదు. అందులో సొట్టబుగ్గ ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగి. మొగుడు పాటగాడు, అబద్ధాలకోరు. ఆమెను ఉద్యోగం మానమంటాడు. ఆమె పెట్టె సర్దుకుని రైలెక్కి వెళ్లిపోతుంది. వెనక్కి తిరిగి చూడదు. అంతే. ఆ రోజుల్లో అలా ముగిసిన సినిమా ఇంకొకటి లేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

టీచరమ్మకు అప్పుడు ఇరవై మూడు. బళ్లో చేరి ఎనిమిది నెలలు. పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు ఉద్యోగం మానమన్నాడు. రెండో రోజు మ్యాట్నీకి వచ్చింది. మర్నాడు పొద్దున్నే వాళ్ల నాన్నతో ఈ పెళ్లి వద్దని చెప్పింది. మిగిలిన రెండు రోజులూ మళ్లీ మళ్లీ వచ్చి చూసింది. ముప్పయ్యయిదేళ్లు పాఠాలు చెప్పింది. ఈ సంగతి మాకు వందసార్లు చెప్పింది. ప్రతిసారీ ఒకటే మాటతో ముగిస్తుంది. "ఆవిడ వెనక్కి చూడలేదు. నేనూ చూడలేదు."

"డిస్కు గీతలు పడి ఉంటుంది" అన్నాను.

"కొత్తదండీ. నిన్ననే వచ్చింది."

"మూడున్నరకి కరెంటు పోతుంది."

"ఎవరు చెప్పారు?"

"అసలా బొమ్మ బాగుండదు."

టీచరమ్మ నా వైపు తిరిగింది. "ఏమన్నారూ?"

టైలరు నవ్వాడు. "అన్నయ్యకి కుళ్లు. తన ప్రొజెక్టరు లేకుండా బొమ్మ పడుతుందని."

నా బాధ అది కాదు. ఆ సినిమా పద్నాలుగు రీళ్లు. మా ఊరు చూసింది పదమూడు.

ఆ రోజుల్లో మాకూ పక్క ఊరి హాలుకూ కలిపి ఒకటే ప్రింటు వచ్చేది. వాళ్ల ఆట గంట ముందు మొదలవుతుంది. అక్కడ ఆడిన రీళ్లను డబ్బాల్లో పెట్టి సైకిలు మీద ఒకతను తెస్తాడు. నేను ఆడించినవి వాపసు పట్టుకెళ్తాడు. మొదటి రోజు మ్యాట్నీ. మా ఆవిడ క్యాబిన్‌లోకి భోజనం తెచ్చింది. కూరలో ఉప్పు లేదన్నాను. నీకు నాలుక లేదేమో అంది. మాట పెరిగింది. మధ్యలో సైకిలతను వచ్చి చివరి రీలు పెట్టి, వాపసు డబ్బాలు అడిగాడు. ఆమెతో తగువాడుతూనే చేతికందినవన్నీ ఇచ్చేశాను. పద్నాలుగోది కూడా. పదమూడోది సగం తిరిగాక రెండో ప్రొజెక్టరుకు ఎక్కిద్దామని చూస్తే డబ్బా లేదు. రైలు వెళ్లిపోగానే సమాప్తం స్లైడు వేసి లైట్లు వేయించాను. కుర్చీలు విరుగుతాయనుకున్నాను. చప్పట్లు వినబడ్డాయి.

ఇది తెలిసిన మనిషి మా ఆవిడ ఒక్కతే. ముప్పయ్యెనిమిదేళ్లలో ఒక్క రీలు కూడా తప్పలేదని ఈ దుకాణంలో ప్రతి ఆదివారం చెబుతాను. కాంపౌండరు ఒకసారి తలనొప్పి మాత్రకు బదులు జలుబు మాత్ర ఇచ్చాడు. ఆరు నెలలు అతనితో మాట్లాడలేదు.

డిస్కు పెట్టారు. ఆపరేటరు ఉండగా ఇంకొకరు ఆడించడమేమిటని రిమోటు నేను తీసుకున్నాను. టీచరమ్మ కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకుంది. ప్రతి మాటా పెదవులతో ముందే అంటోంది. ఒక్కటి కూడా తప్పలేదు. టైలరు తెర చూడడం మానేసి ఆమెనే చూశాడు.

రైలు కదిలింది. చివరి పెట్టె దాటగానే నొక్కాను.

"సమాప్తం" అన్నాను.

"ఇంకా పది నిమిషాలుందండీ. కింద చూపిస్తోంది" అన్నాడు కాంపౌండరు.

"అవి ప్రకటనలు."

"నలభై ఆరేళ్ల నాటి బొమ్మకి ప్రకటనలేమిటి?"

టీచరమ్మ చెయ్యి చాచింది. పరీక్షలో చీటీ పట్టుకున్నప్పుడు అలాగే చాచి ఉంటుంది. రిమోటు ఆ చేతిలో పెట్టాను.

పద్నాలుగో రీలు నడిచింది. తర్వాతి స్టేషన్లో మొగుడు ముందే వచ్చి నిలబడి పాడుతున్నాడు. రైలు కంటే ముందు ఎలా వచ్చాడో ఎవరూ చెప్పలేదు. సొట్టబుగ్గ దిగింది. ఇంటికెళ్లింది. పోస్టాఫీసు కోటు మడిచి పెట్టెలో పెట్టి తాళం వేసింది. అతని పక్కన కూర్చుని వంత పాడింది.

టీచరమ్మ రిమోటు బల్ల మీద పెట్టింది.

"అక్కా, మంచినీళ్లు తాగుతారా?" అన్నాడు టైలరు.

"ఇది ఎవరో తర్వాత అతికించారు" అంది టీచరమ్మ.

"లేదండీ. అసలు ఫిల్మే. మావాడు కాయితం కూడా పంపాడు. పద్నాలుగు రీళ్లట" అన్నాడు కాంపౌండరు.

"అయితే నేను చూసిందేమిటి?" అంది టీచరమ్మ. "ఎవర్ని చూసి పెళ్లి వద్దన్నాను నేను?"

అబద్ధం ఇంకొకటి ఆడొచ్చు. ఆమె మొహం చూశాక నోరు రాలేదు. చెప్పేశాను. ఉప్పు దగ్గర మొదలుపెట్టి స్లైడు దాకా.

ముందు టైలరు పగలబడి నవ్వాడు. "ముప్పయ్యెనిమిదేళ్లు! ఒక్క రీలు!"

"ఒక్క తలనొప్పి మాత్ర!" కాంపౌండరు లేచి నిలబడ్డాడు. "ఆరు నెలలు పక్కవీధికెళ్లి మందులు కొనుక్కున్నారు కదన్నయ్యా! జ్వరంతో!"

"నీది నీదే. దాన్ని నేను మరిచిపోలేదు" అన్నాను.

టీచరమ్మ నవ్వలేదు. "ఆగండి. అది మొదటి రోజు కదా. నేను రెండో రోజు వచ్చాను. అప్పటికి ఆ రీలు మీ దగ్గరుందా, లేదా?"

ముప్పయ్యయిదేళ్లు పిల్లల్ని నిలదీసిన మనిషి. తప్పించుకోలేను.

"ఉంది."

"మరి?"

"మా ఆవిడ వద్దంది."

"ఏమందో ఉన్నదున్నట్టు చెప్పండి."

"తగువాడాక క్యాబిన్ గోడకున్న పక్క కంతలోంచి బొమ్మ చూస్తూ కూర్చుంది. ఆట అయ్యాక సైకిలతను రీలు వెనక్కి తెచ్చాడు. ఫస్ట్ షోకి వేస్తానన్నాను. 'వెయ్యకు. వెళ్లనీ ఆ పిల్లని' అంది. వెయ్యలేదు. నాలుగు రోజులూ వెయ్యలేదు."

ఎందుకు విన్నానో తెలియదు. ఆమె మాట నేను విన్నది ఆ ఒక్కసారే. నామీద కోపంతో అందనుకున్నాను. తనకూ వెళ్లిపోవాలని ఉందనుకున్నాను. అది మనసులో పెట్టుకుని చాలా ఏళ్లు సాధించాను. ఆమె ఏ రైలూ ఎక్కలేదు. రెండేళ్ల కిందట పోయింది. నాతో ఒక్క మాట చెప్పకుండా, నిద్రలో. అది ఇంకా క్షమించలేదు.

టీచరమ్మ తెర వైపు తిరిగింది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాం. నవ్వుతోంది.

"నలభై ఆరేళ్లు సొట్టబుగ్గ ఫోటోకి దణ్ణం పెట్టాను. చేసిందేమో మీ ఆవిడా! వారానికి రెండుసార్లు కూరల బజార్లో కనబడేది. వంకాయలు పుచ్చులున్నాయని చెప్పేది కానీ, ఈ ముక్క చెప్పలేదు చూడండి!"

"చెప్పే మనిషి కాదు."

"మీరు చెప్పనిస్తేగా" అన్నాడు టైలరు.

ఆ మాట నాతో ఇంకెవరూ అనలేరు. అతని వైపు చూశాను. అతను కళ్లు దించలేదు. నేనే దించాను.

"పది నిమిషాలూ ఓపిగ్గా చూశాను" అంది టీచరమ్మ. "నా దగ్గర నూటికి పది మార్కులు కూడా రావు. రైలు కంటే ముందు ఎలా వస్తాడండీ? అడ్డదారి కూడా లేదక్కడ, అటు కొండ, ఇటు ఏరు. వెనక్కి తిప్పండి. నేను చూసిన బొమ్మ నాకు కావాలి."

కాంపౌండరు ఉత్సాహంగా రిమోటు అందుకున్నాడు. మొదటిసారి రైలు కదలకముందే ఆపేశాడు. రెండోసారి మొగుడి చెప్పులు కనబడ్డాయి.

"తీసెయ్ తీసెయ్, వాడొచ్చేశాడు!" అని అరిచాడు టైలరు.

"ఇటివ్వు. మాత్రలమ్ముకో" అని లాక్కున్నాను.

పెట్టె సర్దడం దగ్గర్నుంచి వేశాను. ఆమె ప్లాట్‌ఫారం దాటింది. ఎక్కింది. రైలు మలుపు తిరిగింది. ఖాళీ పట్టాలు మిగిలాయి. నొక్కాను. అక్కడే నిలిచింది.

ముగ్గురూ చప్పట్లు కొట్టారు. టీచరమ్మ లేచి నిలబడి మరీ కొట్టింది.

"ఎక్కడ ఆపాలో మీ ఆవిడకి తెలుసండీ" అంది.

"నొక్కింది నేను" అన్నాను.